ఈ వారం సమస్య: ఛేజు చేసి దొంగ చేతికిచ్చె

గణయతి (నిర్వాహకుడు): టీవీ స్క్రోలింగులో ఒకదాని తోకపట్టుకుని ఒకటి వచ్చాయి. గొలుసు దొంగను ఛేజ్ చేసిన పోలీసులు, వెంటనే ఛేజింగ్‌లో తడబడ్డ మనవాళ్లు. నవ్వొచ్చింది. అందుకే ఈ పాదం. ఇది నాలుగోది, పైన మూడు పాదాలు మీరు కట్టాలి:

ఛేజు చేసి దొంగ చేతికిచ్చె

ఛేజంటే తరమడమే అని పట్టుబట్టక్కర్లేదు. వెన్నదొంగ ఎలాగూ వస్తాడు. రాకపోతే మరీ సంతోషం.

పటమట పద్యం: బోణీ నాదే.

బెంజి సర్కిలందు బేరమాడు నెపాన
గొలుసు లాగి యురుకు కుర్రవాని
బేడి తీసి పట్టి బీటు పోలీసోడు
ఛేజు చేసి దొంగ చేతికిచ్చె!

సీసాక్షరి: బేడీ వస్తుందని పాదం చూడగానే అనుకున్నా. అయినా బేడీలు చేతికి వేస్తారు గానీ చేతికి ఇస్తారా పద్యంగారూ? మీ దొంగ థాంక్స్ చెప్పి జేబులో వేసుకుంటాడు.

పటమట పద్యం: 'ఇచ్చె' అని పాదంలో పెట్టింది గణయతిగారు. నన్నంటే ఏం లాభం.

కృష్ణాతీరి: తిట్టుకున్నా సరే, నేను తెచ్చేశాను.

కుండ పగులగొట్టు కొడుకుపై కోపించి
కర్ర బట్టి తల్లి, కంటి నీరు
చూచి కరిగి వెన్న చుట్టిన ముద్దను
ఛేజు చేసి దొంగ చేతికిచ్చె!

గణయతి: రానే వచ్చాడు!

బ్రాడీపేట బాణం: పద్యం సాఫీగా నడిచింది, అందులో సందేహం లేదు. కానీ యశోదమ్మ ముందు కరిగింది, తరవాత ఛేజ్ చేసిందా? కరిగాక కర్రెందుకు, పరుగెందుకు? ముందు పరుగు, తరవాత కన్నీరు, ఆ తరవాత వెన్న. క్రమం తిరగబడింది.

కృష్ణాతీరి: యశోద నోట ఇంగ్లీషు మాట పెట్టానని కొడతారనుకున్నాను మాస్టారూ. మీరు వేరేచోట కొట్టారు. ఇది ఇక బాగుపడదు, వదిలేద్దాం.

లబ్బీపేట కుర్రాడు: అందరూ పెద్దవాళ్లు. క్షమించి చదవండి.

లక్ష్య మెంతయైన లార్డ్సులో తడబాటు
లేక గెలిచినట్టి లీలలు తలచి
గల్లి యాటలోన గాలిలో షాట్ కొట్టి
ఛేజు చేసి దొంగ చేతికిచ్చె!

2002 నాట్‌వెస్ట్ ఫైనల్ అండీ. 326 కొట్టాలి, 146కే అయిదు వికెట్లు పోయాయి. అయినా మూడు బంతులు మిగిలుండగా కొట్టేశాం. నేనప్పటికి పుట్టలేదు, మా నాన్న రోజూ చెబుతారు.

గణయతి: నాన్నగారికి నమస్కారాలు. రెండో పాదంలో 'లీలలు' దగ్గర ఒక లఘువు గోడ దూకింది బాబూ. 'లీల' చాలు, ఒక్క లీలతోనే గెలిచాం కదా. ఇంతకీ దొంగెవరు?

లబ్బీపేట కుర్రాడు: మా వీధిలో మిడాన్‌లో నిలబడేవాడు. వాడి నిక్‌నేమ్ దొంగ. క్యాచ్ వాడి చేతికి.

సీసాక్షరి: దొంగకు నిక్‌నేమ్ పెట్టి గట్టెక్కినవాణ్ని ఈ గుంపులో ఇప్పుడే చూస్తున్నాను. శభాష్. 'షాట్ కొట్టి' గణానికి సరిపోయింది కూడా, అది ఎవరూ గమనించలేదు.

అరండల్‌పేట అక్కయ్య: నాది కొంచెం చేదు.

పోయినట్టి సొమ్ము పొందగలననుచు
రమ్మి యాడి యాడి రాత్రి నిదుర
మాని, బ్యాంకులోని మదుపంత యాపులో
ఛేజు చేసి దొంగ చేతికిచ్చె!

ఇక్కడ ఛేజ్ చేస్తున్నది దొంగను కాదు, పోయిన డబ్బును. షేర్లలోనూ ఇదే మాట వాడతారు, 'లాస్ ఛేజ్ చేయకు' అని.

పటమట పద్యం: బాగుంది అక్కయ్యా. కానీ మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించారు. ఆ యాపు ఎక్కడిది?

అరండల్‌పేట అక్కయ్య: అందుకే కదా దొంగ అన్నాను!

గణయతి: ఈ దెబ్బకు పద్యంగారు ఓ రెండ్రోజులు కనబడరు.

సీసాక్షరి: ఇప్పటిదాకా అందరూ దొంగను మార్చారు. ఛేజు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. గవర్నరుపేటలో ట్రెడిల్ అచ్చు మెషీన్ల పక్కన పెరిగినవాళ్లకు ఛేజంటే పరుగు కాదు, ఇనప చట్రం. పేర్చిన అచ్చును అందులో పెట్టి, చుట్టూ చెక్క ముక్కలు సర్ది బిగించాలి. మెషీనెక్కించే ముందు ఒక అంచు కాస్త లేపి అక్షరాల మీద వేళ్లతో నొక్కుతూ పోయేవాళ్లం. ఎక్కడైనా కదిలిందా, మళ్లీ బిగించాల్సిందే. లేదంటే ఎత్తగానే పేజీ మొత్తం నేలమీద గలగలా రాలేది. ఇక పద్యం:

అచ్చు పేర్చి కట్టి యా ఫారమంతయు
కంపొజీటరొకడు కష్టపడుచు
నకిలి పుస్తకాల నైజ మెఱుగలేక
ఛేజు చేసి దొంగ చేతికిచ్చె!

దొంగ ఎవరో ఏలూరు రోడ్డులో పుస్తకాలు అమ్మినవాళ్లకు చెప్పక్కర్లేదు. అసలు ప్రచురణకర్తకు తెలియకుండా అచ్చు వేసి సగం ధరకు అమ్మే మహానుభావుడు.

కృష్ణాతీరి: ఆహా! ఛేజుతో పాటు దొంగ కూడా మారాడు.

పటమట పద్యం: ఈ లెక్కన మా ఎలక్ట్రీషియన్ కూడా పద్యం రాయొచ్చు. ఇల్లు కట్టేటప్పుడు డ్రాయింగులో 'వాల్ ఛేజింగ్' అని ఉంటే గోడను ఎవరు తరుముతారని అడిగాను. పైపు పోవడానికి గోడలో గాడి కొట్టడమట.

గణయతి: రెండ్రోజులు అన్నాను, రెండు కామెంట్లే ఆగారు. ఆ గాడి మీద పద్యం రాయాల్సింది మీరే.

బ్రాడీపేట బాణం: సీసాక్షరిగారి పద్యం ఈ వారం మణి. మనసారా అంటున్నాను. మణికి చిన్న మచ్చ. ఛేజును బిగిస్తారని మీరే రాశారు. మరి 'ఛేజు చేసి' అంటే? చట్రాన్ని పోత పోసింది ఫౌండ్రీ. కంపొజిటరు చేసిందేముంది? సమస్యలో ఉన్న 'చేసి'ని మీ అర్థం మొయ్యలేదు.

అసలు ఆ చట్రం ఛేజుకూ తరిమే ఛేజుకూ చుట్టరికమే లేదు. చట్రం వచ్చింది లాటిన్‌లో పెట్టె అనే మాట నుంచి, మీరు అక్షరాలు పోసుకునే 'కేసు'కు అది జ్ఞాతి. తరిమే ఛేజు వచ్చింది పట్టుకోవడం అనే మాట నుంచి. దానికి తోబుట్టువు ఎవరో తెలుసా, క్యాచ్! పాత ఫ్రెంచిలో ఒక ప్రాంతంవాళ్లు 'చ' అన్నదాన్ని నార్మన్లు 'క' అన్నారు. ఇంగ్లీషువాడు రెండూ ఉంచుకుని ఒకదాన్ని వెంటపడటానికి, ఒకదాన్ని చిక్కించుకోవడానికి వాడుకున్నాడు. మన కుర్రాడు తెలియకుండానే అక్కాచెల్లెళ్లిద్దర్నీ ఒకే పద్యంలోకి తెచ్చాడు.

ఇంకో సంతానం కూడా ఉంది. అది నా పద్యంలో (టిక్కి అంటే మిర్చి బస్తా):

మిర్చి యార్డులోన మేలు సరకటంచు
తేజ రకపు టిక్కి దీక్షతోడ
లారివాని నమ్మి లక్షలు పోసి పర్-
ఛేజు చేసి దొంగ చేతికిచ్చె!

అరండల్‌పేట అక్కయ్య: పర్-ఛేజు! మాస్టారూ, మా గుంటూరు పరువు నిలబెట్టారు.

బ్రాడీపేట బాణం: ఇది అతుకు కాదమ్మా. ఆ మాట పుట్టుకలోనే ఛేజ్ ఉంది. వెంటపడి సాధించుకోవడం అనే పాత ఫ్రెంచి క్రియే కొనడంగా మారింది. మిర్చి యార్డులో ఒక ఉదయం నిలబడితే ఆ పాత అర్థం ఇంకా పోలేదని తెలుస్తుంది.

సీసాక్షరి: పదవిరుపు చమక్కుమంది, ఒప్పుకుంటున్నాను. కానీ బాణంగారు కాలేజీలో ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెప్పినవారు. ఆ మాటను ఇంగ్లీషువాడు 'పర్చస్' అంటాడు, 'పర్ఛేజ్' అనడు. పిల్లల్ని ఈ ఉచ్చారణకే కదా బెంచీ ఎక్కించేవారు?

బ్రాడీపేట బాణం: క్లాసులో పర్చస్, యార్డులో పర్ఛేజు. పద్యం యార్డులో జరిగింది.

సీసాక్షరి: సరే. 'దీక్షతోడ' సంగతేమిటి? మిరపకాయలు కొనడానికి దీక్షెందుకు? యతి కోసం కాకపోతే ఆయన మాలేమైనా వేసుకున్నాడా? ఇది కొత్తేం కాదు. 'కారమునకు చీమ కట్టె బారు' అన్న సమస్యకు ఈయనే

పడిన చీమ నెత్తి పైకి లాగగ సహ-
కారమునకు చీమ కట్టె బారు

అని పెట్టి వారమంతా పొగిడించుకున్నారు. అక్కడ సహ, ఇక్కడ పర్. ప్రతిసారీ మూడో పాదం చివర ఓ ముక్క తెచ్చి అతికించడమే. పైగా 'చీమ నెత్తి' అంటే చీమను ఎత్తడమా, చీమ తలా?

బ్రాడీపేట బాణం: చీమనెత్తి అని కలిపే రాశాను. టైపు చేసినప్పుడు విడిపోయింది. అచ్చుతప్పులు మీకు తెలియనివా?

కృష్ణాతీరి: ఆ చీమ గొడవ మళ్లీ మొదలైందా! నాకైతే ఇప్పటికీ చీమ తల పట్టుకుని లాగినట్టే కనిపిస్తుంది.

లబ్బీపేట కుర్రాడు: ఆ సమస్య లింకు ఎవరైనా ఇస్తారా? చదవాలని ఉంది.

గణయతి: వద్దు బాబూ, ఆ పుట్టలో వేలు పెట్టకు. ఇక నిర్ణయం. సీసాక్షరిగారి అర్థం కొత్తది, కానీ 'చేసి' దగ్గర బాణంగారు చెప్పిన అభ్యంతరం నిలుస్తుంది. అక్కయ్య పద్యంలో వేలు పెట్టడానికి చోటు లేదు, రెండో స్థానం. మొదటిది పర్‌కే, 'దీక్షతోడ' మారిస్తేనే.

సీసాక్షరి: 'తేజ రకపు టిక్కి తెల్లవార' అంటే సరి. యార్డులో సందడంతా పొద్దున్నే కదా.

గణయతి: ప్రత్యర్థి పద్యానికి మెరుగు పెట్టడమంటే ఇదీ! వచ్చే వారం చెల్లెలి వంతు:

క్యాచు వదలి వాడు కప్పు గెలిచె

బ్రాడీపేట బాణం: 'తెల్లవార' బాగుంది, తీసుకుంటున్నాను. చీమ జోలికి మాత్రం రాకండి.