దానంతటదే బ్రేకు వేసే కారు: ఏ రేటింగ్ చూసి నమ్మాలి?

నమస్కారం అండి. పోయిన నెల చౌటుప్పల్ దగ్గర ఒక బైకాయన డివైడర్ సందులోంచి అడ్డంగా వచ్చేశాడు. నా కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే కారు ఆగింది. వెనక సీట్లో అమ్మ చేతిలోని నీళ్ల సీసా ఎగిరి డ్యాష్‌బోర్డుకు తగిలింది. వెనకొచ్చే లారీ జానెడు దూరంలో ఆగింది. బైకాయన ప్రాణం దక్కింది, మాకు మాత్రం వణుకు తగ్గలేదు.

2023 అక్టోబరులో మొదలైనప్పుడు మన దేశపు కార్ల భద్రతా పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు ముఖ్యంగా గుద్ది చూసి ఇచ్చినవే, ముందునుంచి 64 కిలోమీటర్ల వేగంతో. ఈ బ్రేకింగ్‌కు మార్కుల్లేవు. యూరప్‌లో ఇలాంటిదే అయిన యూరో ఎన్‌క్యాప్ 2014 నుంచి ఈ బ్రేకింగ్‌ను పరీక్షిస్తోంది, 2023లో బైకులనూ చేర్చింది. మన ఆటోలు, గేదెల సంగతేంటి?

వాడుతున్నవాళ్లు దయచేసి చెప్పండి: హైవే మీద, గుద్దుకునేలా ఉందని కారు ఇచ్చే వార్నింగ్‌ను ‘లేట్’లో (ఆలస్యంగా వచ్చేలా) పెడుతున్నారా? రాత్రి వానలో ఎలా పనిచేసింది?