వంటింటి లెక్కలు చాలవా, ఒకటో తరగతికే ట్యూషన్ పెట్టాలా?

నిమ్మచెట్టు: మా పాప ఒకటో తరగతి. ఈ నెల అబాకస్ క్లాసు మాన్పించేశాను. మనిషికి మూడు చపాతీలు చొప్పున నలుగురికి ఎన్నో తను చెప్తేనే నేను ఉండలు చేస్తాను. ఇడ్లీ రేకుకి నాలుగు గుంటలు, రేకులు నాలుగు, వాయికి ఎన్ని ఇడ్లీలు అని అడుగుతాను. పాప వెనకపడిపోతుందని మావారికి టెన్షన్. మీరేమంటారు?

పాతపలక: అమ్మా, ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. ఎక్కాలు నోటికి రానివాడు భాగహారం దగ్గర కూలబడతాడు. ఇడ్లీలు లెక్కపెడితే ఎక్కం రాదు.

నిమ్మచెట్టు: ఎక్కాలు వద్దని నేనెక్కడన్నాను మాస్టారూ? నాలుగు నాలుగులు పదహారు అని పాప గడగడా చెప్తుంది, అదే ఇడ్లీలు ఎన్నంటే వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. నా బాధ అది.

గోదారిగట్టు: మా నాయనమ్మ బియ్యం కొలుస్తూ నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అనేది. సగం, రెట్టింపు నాకు అక్కడే వచ్చాయి.

పాతపలక: ఇప్పుడు సోలలు ఎక్కడున్నాయండీ? పరీక్షలో లీటర్లు అడుగుతారు.

గోదారిగట్టు: పేరు పట్టుకుంటారేంటి మాస్టారూ, అర లీటరు పాల ప్యాకెట్లు రెండు గిన్నెలో పోసి చూపించినా అదే లెక్క.

పాతపలక: గిద్దె ఎన్ని మిల్లీలీటర్లో ముందు చెప్పండి.

చింతపిక్క: అష్టాచెమ్మా ఆడించండి. నాలుగు గవ్వలు చాలు.

ఉప్పల్ నాన్న: మేమిద్దరం ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. సరుకులు యాప్‌లో వస్తాయి, డబ్బులు ఫోన్‌లో పోతాయి, ఇక మావాడు చిల్లర ఎక్కడ చూస్తాడు? ట్యూషన్ పెట్టినవాళ్లకి పిల్లలంటే పట్టదన్నట్టు మాట్లాడకండి.

నిమ్మచెట్టు: నేనలా అనలేదండీ. మొన్న పూలమ్మాయి మూర ముప్పై అయిదు అంటే పాప నా మొహం చూసింది. థర్టీ ఫైవ్ అన్నాకే అర్థమైంది. అందుకే తెలుగు అంకెలు కూడా నేర్పుతున్నా.

ఉప్పల్ నాన్న: అదే వద్దంటున్నా! పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఇంటర్లో లెక్చరర్ ఎల్‌సీఎం అంటే వెర్రిమొహం వేసుకుని కూర్చున్నా. అది మన క.సా.గు. అని తెలియడానికి వారం పట్టింది, ఈలోపు క్లాసంతా నవ్వారు. మావాడికి ఆ అవమానం వద్దు. మా ఇంట్లో ఇంగ్లిష్ అంకెలే.

పాతపలక: నాయనా, మీకు లెక్క రాక కాదు, ఆ రెండూ ఒకటేనని ఒక్క ముక్క చెప్పకపోవడం ఆ లెక్చరర్ తప్పు. క.సా.గు. బాగా వచ్చు కాబట్టే వారంలో అందుకున్నారు.

ఉప్పల్ నాన్న: ఆ వారం నా బెంచీలో మీరు కూర్చోలేదు కదండీ.

నిమ్మచెట్టు: బడిలో సెవెంటీ ఫైవ్ అననీండి, రాయనీండి, నేను ఆపడం లేదు. కానీ మీ ఇంట్లో లాగే మా ఇంట్లోనూ సాయంత్రాలు మా ఇద్దరికీ ఊపిరి సలపదు. పాపతో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ గింజలు లెక్కపెట్టే తీరిక మా అత్తగారికే ఉంది. ఆవిడకి ఇంగ్లిష్ అంకెలు రావు.