‘పెరిగాయి’ అనాలా, ‘పెంచాం’ అనాలా? స్కేలింగ్‌కి తెలుగు మాట

గ్రూపు సభ్యులకు నమస్కారం. చాలాకాలంగా ఉన్న సందేహం ఇది. జావా మైక్రోసర్వీసుల్ని, అంటే చిన్న చిన్న విడి ప్రోగ్రాముల్ని, క్లౌడ్‌లో నడిపే పని నాది. రోజంతా మా నోట్లో నలిగే మాట ‘స్కేల్ చేశాం’, అంటే రద్దీకి తగ్గట్టు సర్వీస్ సామర్థ్యం మార్చాం అని. దీనికి తెలుగులో ఏమనాలి? ‘విస్తరించడం’ అని రాస్తుంటారు గానీ, పక్కవాళ్లతో మాట్లాడేటప్పుడు ఎవరూ అలా అనగా నేను వినలేదు.

ఇప్పుడే అడగడానికి కారణం ఉంది. ఒక రాత్రి షిఫ్ట్ మారేటప్పుడు నోటులో ‘సర్వీస్‌ని స్కేల్ చేశాను’ అని ఒక్క ముక్క రాసి వెళ్లాను. ఒకే సర్వీస్‌ని ఒకేసారి కొన్ని కాపీలుగా నడుపుతాం. నేను చేసింది ఒక్కో కాపీకి మెమరీ 1 జీబీ నుంచి 2 జీబీలకు మార్చడం. హీప్, అంటే ప్రోగ్రామ్ తన డేటా పెట్టుకునే మెమరీ, చాలక సర్వీస్ పదేపదే పడిపోతోంది. హీప్ ఎంత ఉండాలో మనం విడిగా చెప్పకపోతే, జావా ప్రోగ్రాముల్ని నడిపే జేవీఎం, కంటెయినర్‌కి (ఒక్కో కాపీ నడిచే డబ్బా లాంటిది) ఇచ్చిన మెమరీలో నాలుగో వంతే దానికి తీసుకుంటుంది. అంటే 1 జీబీ ఇచ్చినా హీప్‌కి దక్కేది 256 ఎంబీ.

నా తర్వాత వచ్చినవారు ఆ నోటు చదివారు. నాలుగు కాపీలు నడుస్తున్నాయి. రెండుంటే నేను నాలుగు చేశాననుకున్నారు. సర్వీస్ ఇంకా నెమ్మదిగానే ఉందని 12 చేశారు. ఒక్కో కాపీ డేటాబేస్‌కి పది కనెక్షన్లు తెరిచి పెట్టుకుంటుంది, కనెక్షన్లు సిద్ధంగా ఉంచే హికారీ పూల్ డిఫాల్ట్ అది. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, అది డిఫాల్ట్‌గా ఒప్పుకునేవి 100, అందులోనూ 3 అడ్మిన్ల కోసం పక్కన ఉంటాయి. మాకు కావలసినవి 120. తెల్లారేసరికి మా సర్వీసే కాదు, అదే డేటాబేస్ మీద ఆధారపడ్డ పక్క సర్వీసులకూ కనెక్షన్ దొరకలేదు.

ఇద్దరం చేసిన పనికీ పేరు ‘స్కేల్ చేయడమే’. అందుకే అడుగుతున్నాను, తెలుగులో ఈ రెంటినీ విడదీసే మాట ఉందా?

ఒక సభ్యుడి వ్యాఖ్య:
నిలువు విస్తరణ, అడ్డు విస్తరణ అనవచ్చు కదండీ. ఉన్నదాన్నే పెద్దది చేస్తే నిలువు, పక్కన ఇంకొన్ని పెడితే అడ్డు. డిప్లాయ్‌మెంట్‌కి ‘మోహరింపు’ బాగుంటుంది, పత్రికల్లో రోజూ చూసే మాటే.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
ధన్యవాదాలండీ. నిలువు, అడ్డం అర్థమవుతాయి, కానీ అర్ధరాత్రి ఫోన్‌లో ‘అడ్డంగా విస్తరించండి’ అని నేను అనలేను, అవతలివాళ్లు అందుకోలేరు. మోహరింపు అనగానే నాకు ఎదురుగా శత్రువు కనిపిస్తాడు, బలగాలకు అది సరిపోయే మాట. మేమైతే ‘కొత్త వెర్షన్ ఎక్కించాం’ అంటాం. కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించడం అందరికీ తెలిసిన వాడుకే. డిప్లాయ్‌కి మాట వెతకనక్కర్లేదని నా అభిప్రాయం, ఉన్నది చక్కగా ఉంది.

తెలుగు బోధించే ఒక సభ్యుడి వ్యాఖ్య:
అమ్మా, మీ కంప్యూటర్ల సంగతి నాకు తెలియదు గానీ, మీరు అడిగిన తేడా ‘పెంచు’ అనే క్రియలోనే ఉంది. ‘మొక్కని పెంచాను’ అంటే సాకాను అని. ‘మొక్కకి నీళ్లు పెంచాను’ అంటే ఇచ్చేది ఎక్కువ చేశాను అని. ‘మొక్కలు పెంచాను’ అంటే సాకాననీ అవుతుంది, సంఖ్య ఎక్కువ చేశాననీ అవుతుంది. ‘ని’ ఉందా, ‘కి’ ఉందా, బహువచనం ఉందా అన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. కాబట్టి ‘సర్వీస్‌ని పెంచాను’ అంటే తెలుగులో అది ముద్దుగా సాకినట్టే. ‘సర్వీస్‌కి మెమరీ పెంచాను’, ‘సర్వీస్ కాపీలు పెంచాను’ అనండి. పెంచినదేమిటో చెప్పకుండా తెలుగు వాక్యం నిలబడదు.

ఇంకోటి. పెరుగు-పెంచు, తగ్గు-తగ్గించు, ఆగు-ఆపు, లేచు-లేపు, దిగు-దించు, కాగు-కాచు. మొదటిది దానంతట అది జరిగేది, రెండోది ఒకరు చేసేది. మీ పనిలో ఈ తేడా పనికొస్తుందా?

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
మాస్టారూ, పనికొస్తుందా అని అడిగారు. మా పనంతా ఆ తేడా మీదే నడుస్తుంది!

మా కాపీల్ని నడిపే సాఫ్ట్‌వేర్ కుబర్నెటిస్‌లో కాపీల సంఖ్యని మనిషి మార్చవచ్చు, లేదా రద్దీని బట్టి దానంతట అదే మార్చే ఆటోస్కేలర్ మార్చవచ్చు. ఆటోస్కేలర్ డిఫాల్ట్‌గా 15 సెకన్లకోసారి లెక్క చూస్తుంది. నాలుగు కాపీలున్నాయి, సగటు సీపీయూ 90 శాతం, మనం పెట్టిన లక్ష్యం 60 శాతం అనుకోండి. నాలుగుని 90తో గుణించి 60తో భాగిస్తే ఆరు. కాపీలు ఆరవుతాయి, ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు. దీన్ని ‘కాపీలు పెరిగాయి’ అనాలి. నేను కమాండ్ ఇచ్చి ఆరు చేస్తే ‘పెంచాను’. ఏదైనా జరిగాక అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే, పెరిగాయా, పెంచారా? ‘స్కేల్ జరిగింది’ అని రాస్తే ఆ ప్రశ్నకు జవాబే ఉండదు.

తగ్గడం కూడా అంతే. రద్దీ తగ్గగానే ఆటోస్కేలర్ కాపీలు తీసేయదు, డిఫాల్ట్‌గా 300 సెకన్లు ఆగి చూస్తుంది. ఈలోపు ఎవరైనా కంగారుపడి తగ్గించారో లేదో ‘తగ్గాయి, తగ్గించాం’ అన్న ముక్కలోనే తెలిసిపోతుంది.

‘ఆగు, ఆపు’ దగ్గర నాకు ఒళ్లు జలదరించింది. కాపీని తీసేయాలంటే ముందు దానికి ఆగమని సంకేతం వెళుతుంది. డిఫాల్ట్ గడువు 30 సెకన్లు. ఆలోగా చేతిలో ఉన్న పని ముగించుకుని అదే ఆగితే మంచిది. ఆగకపోతే బలవంతంగా ఆపేస్తారు, అప్పుడు కనిపించే కోడ్ 137, అంటే 128కి సంకేతం నంబరు 9 కలిపితే వచ్చేది. ‘ఆగింది’, ‘ఆపేశారు’, ఈ రెంటి మధ్య సగంలో తెగిపోయిన లావాదేవీలు ఉంటాయి. మెమరీ పరిమితి దాటినప్పుడు మాత్రం ముందుగా చెప్పడమే ఉండదు, తిన్నగా 137.

ఇక ‘కాగు’! నీళ్లు కాగినట్టు జేవీఎం కూడా కాగాలి. జావా సర్వీస్ లేచిన కొత్తలో నెమ్మదిగా ఉంటుంది, ఎక్కువసార్లు నడిచే కోడ్‌ని గుర్తించి మెషీన్ కోడ్‌గా మార్చుకునేదాకా పూర్తి వేగం రాదు. ఆ మార్చుకోవడానికే సీపీయూ బాగా ఖర్చవుతుంది. అందుకని కొందరు నిజమైన రద్దీ పంపే ముందు ఉత్తుత్తి రిక్వెస్టులు పంపి సర్వీస్‌ని కాచి పెడతారు. ‘వార్మప్’కి ఇంత దగ్గరి మాట మన దగ్గరే ఉందని ఇవాళే గుర్తించాను.

ఇంకో సభ్యుడి వ్యాఖ్య:
‘స్కేల్ అయింది’, ‘స్కేల్ చేశాం’ అంటే చాలదా అండీ? అవు, చేయు అనే తేడా ఇంగ్లీషు మాటకి తగిలించినా వస్తుంది కదా.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
వస్తుందండీ, మీరన్నది నిజం. ఎవరు చేశారన్నది తేలుతుంది. కానీ ఏది పెరిగిందో తేలదు. నా గొడవంతా అక్కడే మొదలైంది. ‘పెంచాను’ అని రాయబోతే ‘ఏం పెంచావు?’ అని వాక్యమే అడుగుతుంది, ‘స్కేల్ చేశాను’ అంటే అడగదు. ఇంగ్లీషు మాట వద్దని నా వాదన కాదు. పాడ్ (కుబర్నెటిస్‌లో ఒక్కో కాపీకి పేరు), హీప్, పూల్ అన్నీ అలాగే ఉంచుతాను. క్రియ మాత్రం తెలుగుది కావాలి.

మాస్టారి వ్యాఖ్య:
కుబర్నెటిస్ అన్న మాటకి అర్థమేమిటమ్మా?

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
గ్రీకు మాట మాస్టారూ. ఓడకి చుక్కాని పట్టేవాడు అని అర్థం. గూగుల్‌లో పుట్టి 2014లో అందరికీ తెరిచిన సాఫ్ట్‌వేర్.

మాస్టారి వ్యాఖ్య:
అయితే కర్ణధారుడు. కర్ణం అంటే చుక్కాని అనే అర్థం కూడా ఉంది, పట్టినవాడు కర్ణధారుడు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
ఆ మాట దాచుకుంటాను మాస్టారూ. ఆ రాత్రి నోటుని మీరు చెప్పిన పద్ధతిలో మళ్లీ రాసి చూశాను, తప్పుంటే దిద్దండి:

‘హీప్ చాలక సర్వీస్ పడిపోతోంది. ఒక్కో కాపీకి మెమరీ 1 జీబీ నుంచి 2 జీబీలకు పెంచాను. కాపీలు పెంచలేదు, ముందూ నాలుగే, ఇప్పుడూ నాలుగే. కొత్త కాపీలు లేచి రిక్వెస్టులు అందుకుంటున్నాయి, ఇంకా కాగలేదు, పది నిమిషాలు చూడండి. కాపీలు పెంచాలనుకుంటే ముందు డేటాబేస్ కనెక్షన్లు లెక్క చూసుకోండి.’