తోట పనికి మొదటి చైన్‌సా: ఏ సైజు కొనాలి?

పొన్నూరు రైతు:

అందరికీ నమస్కారం. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపానుకు మా గట్టు మీది వేప చెట్లు పడిపోతే, వాటిని ముక్కలు చేయించడానికి మనుషుల కోసం పది రోజులు తిరిగాను. కూలీలందరూ నీట మునిగిన వరి పనుల్లో ఉండడంతో ఎవరినీ తప్పుపట్టలేకపోయాను. సొంతంగా ఒక చైన్‌సా ఉండాలన్న ఆలోచన అప్పటి నుంచి ఉంది. ఏటా కోయవలసినవి సుబాబుల్, తుమ్మ, ఎండిన వేప కొమ్మలు. అడుగు మందం దాటిన మాను అరుదు. నాకు గొడ్డలి, చేతిరంపం తప్ప మరొకటి అలవాటు లేదు.

ఆన్‌లైన్‌లో 58 సీసీ ఇంజను, 22 అంగుళాల బార్ (చైను దీని చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) ఉన్న యంత్రం చవకగా దొరుకుతోంది. గుంటూరులోని దుకాణంలో 16 అంగుళాల చిన్న యంత్రానికి దాదాపు రెండింతలు చెబుతున్నారు. పెద్దది చవకగా వస్తున్నప్పుడు చిన్నదానికి ఎక్కువ పెట్టడంలో అర్థముందా? కరెంటుతో నడిచేది సరిపోతుందా?

తెనాలి తోట:

అర్థముంది. అడుగు మందం దుంగకు 16 అంగుళాల బార్ చాలు. బార్ పొడవు మాను మందం కంటే కొంచెం ఎక్కువగా ఉంటే కొత్తవారికి కోత అదుపులో ఉంటుంది. 22 అంగుళాల యంత్రం బార్, చైను, పెట్రోలు, నూనె కలుపుకొని ఏడు కిలోలకు దగ్గరగా తూగుతుంది. అరగంట పట్టుకుంటే చేతులు వణుకుతాయి, ప్రమాదం జరిగేది సరిగ్గా అప్పుడే. స్టిల్ కంపెనీ ఎం.ఎస్. 170 వంటి చిన్న యంత్రంలో 30 సీసీ ఇంజను ఉంటుంది, బార్, చైను లేకుండా సుమారు నాలుగు కిలోలు ఉంటుంది. మీ పనికి ఆ తరగతి సరిపోతుంది.

కరెంటుది ఇంటి ఆవరణలో బాగా పనిచేస్తుంది. గట్టు దాకా సన్నని వైరు లాగితే మాత్రం వోల్టేజి పడిపోయి, వైరు, మోటారు రెండూ వేడెక్కుతాయి.

మంగళగిరి పెద్దాయన:

తమ్ముడూ, ఏది కొనాలో తెనాలి వారు చెప్పారు కాబట్టి, కొన్నాక ఎలా బతికి బయటపడాలో నేను చెబుతాను. నాలుగేళ్ల క్రితం ఒక ఎండుకొమ్మ కోస్తూ ఉండగా అది నేను అనుకున్న దానికంటే ముందే తెగిపోయింది. తిరుగుతున్న చైను అదే ఊపులో కిందికి దిగి నా తొడను కోసింది. లుంగీ మీద ఉన్నాను. పదకొండు కుట్లు పడ్డాయి. పూర్తి వేగంలో చైను సెకనుకు సుమారు 20 మీటర్లు పరుగెత్తుతుంది కనుక, చేయి వెనక్కి తీసుకునే వ్యవధి మనిషికి ఉండదు.

దీనికంటే ప్రమాదకరమైనది రంపం వెనక్కి తన్నడం. బార్ కొస పైభాగం వెనక దాగి ఉన్న కొమ్మకో దుంగకో తగిలితే, రంపం మొత్తం ముఖం వైపు ఎగురుతుంది. ముందు పిడికి ఎదురుగా ఉండే, చైనును వెంటనే ఆపేసే చైన్ బ్రేక్ అందుకోసమే. అది పనిచేస్తోందో లేదో పని మొదలుపెట్టే ప్రతిసారీ చూసుకోవాలి, అది లేని యంత్రాన్ని ఎంత చవకైనా కొనకూడదు. ఎడమ చేతి బొటనవేలు ముందు పిడి కింద చుట్టుకొని ఉండాలి, రంపాన్ని భుజం ఎత్తు దాటించకూడదు, నిచ్చెన మీద నిలబడి కోయనే కూడదు. మెడలో కండువా తీసేయండి. చైను తగిలినప్పుడు పోగులు విడిపోయి, చైనును తిప్పే చక్రానికి చుట్టుకొని దాన్ని ఆపేసే ప్రత్యేకమైన కాలితొడుగులు, హెల్మెట్, కళ్లజోడు, బూట్లు, చెవులకు మూతలు యంత్రంతోపాటే కొనండి. ఈ శబ్దం వంద డెసిబెల్స్ దాటుతుంది.

మొదటి ఏడాది నేల మీద పడి ఉన్న దుంగలు మాత్రమే కోయండి. నిలిచి ఉన్న చెట్టును కొట్టడం వేరే విద్య. పైగా నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది కనుక, ముందుగా అటవీశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. చెట్టు కరెంటు తీగకు దగ్గరగా ఉంటే లైన్‌మన్ వచ్చే దాకా ముట్టుకోవద్దు.

పొన్నూరు రైతు:

పెద్దాయన గారూ, కాలితొడుగుల సంగతి దుకాణంలో ఎవరూ చెప్పలేదు. మీకు కృతజ్ఞతలు. 16 అంగుళాలదే తీసుకుంటాను. పెట్రోలులో నూనె ఎంత కలపాలి, చైను పదును ఎవరు పెడతారు అన్నవి మిగిలాయి.

ఆటోనగర్ మెకానిక్:

నా దగ్గరకు వచ్చే చైన్‌సాలలో ఎక్కువ భాగం ఈ రెండింటి వల్లనే పాడైనవి. ఇది టూస్ట్రోక్ ఇంజను. నూనె కలపని పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, ఆ మరమ్మతు ఖర్చు చాలాసార్లు కొత్త యంత్రం ధరకు చేరువవుతుంది. యంత్రంతో వచ్చిన పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40 మిల్లీలీటర్ల టూస్ట్రోక్ నూనె కలపాలి. దీన్ని అంచనాతో పోయకండి, కొలగ్లాసు వాడండి. చైనుకు నూనె వేరే ట్యాంకులో ఉంటుంది, పెట్రోలు నింపిన ప్రతిసారీ అది కూడా నింపాలి. బండిలోంచి తీసిన పాత ఇంజనాయిల్ పోస్తే అందులోని ఇనుప రజను పంపును, బార్‌ను తినేస్తుంది. నూనె వస్తోందో లేదో తెలియాలంటే బార్ కొసను పాత అట్టముక్కకు తగలకుండా దగ్గరగా పెట్టి ఇంజను వేగం పెంచండి. అట్ట మీద నూనె గీత పడాలి.

పదును మీరే పెట్టుకోవాలి. గుండ్రటి ఆకురాయి కావాలి: 0.325 అంగుళం పిచ్ (చైను లింకుల మధ్య దూరపు కొలత) ఉన్న చైనుకు 4.8 మిల్లీమీటర్లది, 3/8 అంగుళం పిచ్‌తో ఎత్తు తక్కువగా ఉండే ‘లో ప్రొఫైల్’ చైనుకు 4 మిల్లీమీటర్లది. పంటి మీద గీసి ఉన్న వాలును అనుసరించి, లోపలి నుంచి బయటికి, ప్రతి పంటికీ ఒకే లెక్కలో రుద్దాలి. ఒక వైపు ఎక్కువ రుద్దితే కోత వంకర పోతుంది. పదునైన చైను చెక్క పేళ్లను రాలుస్తుంది. పొట్టు మాత్రమే వస్తోందంటే నొక్కి కోయడం మానేసి ఆకురాయి పట్టుకోండి. ఎండిన తుమ్మకు పదును తొందరగా పోతుంది, మట్టి తగిలితే ఒక్క క్షణంలో పోతుంది. కనుక దుంగ కింద ఒక కట్టె పెట్టి నేల నుంచి ఎత్తుకోండి.

కొనేటప్పుడు పిచ్, డ్రైవ్ లింకుల (బార్ గాడిలో కూర్చునే లింకులు) సంఖ్య, వాటి మందం అంటే గేజ్ రాయించుకోండి, ఈ మూడూ కలిస్తేనే మరో చైను సరిపోతుంది. అదే కొలత చైను, స్టార్టర్ తాడు, కార్బొరేటర్ కిట్టు ఇప్పుడే ఉన్నాయా అని అడగండి, ఉంటే చూపించమనండి. ఆన్‌లైన్‌లో కొన్న యంత్రాలకు నేను విడిభాగం తెప్పించలేక వెనక్కి పంపిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందువల్ల నెలకు సరిపడా మాత్రమే కలపండి, పని అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట తాను ఆగే దాకా నడిపి, చైను బిగింపు కొద్దిగా వదులు చేసి పెట్టండి. వేడెక్కి సాగిన చైను చల్లారాక కుంచించుకొని బార్‌ను బిగించేస్తుంది.