కుండీల్లో పెంచడానికి రుచిగల టమాటా రకం ఏది?

ప్రశ్న:
గత పంటకాలంలో 20 లీటర్ల కుండీల్లో నాలుగు టమాటా మొక్కలు పెంచాను. విత్తనాల పొట్లం మీద "అధిక దిగుబడి, గట్టి కాయ, ఎక్కువ నిల్వ" అని రాసి ఉన్న గుండ్రటి ఎర్ర హైబ్రిడ్ రకం అది. కాపు విరగకాసింది, చీడపీడలు కూడా పెద్దగా పట్టలేదు గానీ, పండు కోసి నోట్లో వేసుకుంటే చప్పగా, నీళ్లు నమిలినట్టుగా ఉంది. ఈసారి దిగుబడి సగానికి తగ్గినా ఫరవాలేదు, పచ్చిగా తింటే రుచి తెలియాలి. బ్రాండీవైన్ రకాన్ని చాలామంది మెచ్చుకుంటున్నారు. అది కుండీలో సరిగ్గా కాస్తుందా? ఎండ రోజుకు ఆరేడు గంటలు తగులుతుంది.

సమాధానం 1:
కారణం మీ పొట్లం మీదే రాసి ఉందండీ. దూర ప్రయాణానికి తట్టుకునేలా రూపొందించిన రకాల్లో కండ మందంగా, గింజల చుట్టూ ఉండే జిగురు తక్కువగా ఉంటుంది. పులుపులో ఎక్కువ భాగం ఉండేది ఆ జిగురులోనే. మొదటిసారి రుచి కోసం పెంచేవారికి నేను చెర్రీ రకాలనే సూచిస్తాను. తీపిని కొలిచే బ్రిక్స్ మామూలు పెద్ద టమాటాల్లో 4, 5 దగ్గర ఉంటే, మంచి చెర్రీ రకాల్లో 8 దాకా, ఒక్కోసారి ఆపైన కూడా ఉంటుంది. వాటిలో సన్‌గోల్డ్ నాకు ఇష్టం. నారు నాటిన రెండు నెలలకు పండ్లు మొదలవుతాయి. తీగలా మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది కాబట్టి ఊతకర్ర తప్పనిసరి. తొక్క పలుచన కావడంతో, ఎండిన మట్టికి ఒక్కసారిగా నీళ్లు పోస్తే పండ్లు పగులుతాయి. ఇది హైబ్రిడ్ కాబట్టి, దాని గింజలు దాచి విత్తితే అదే రకం వస్తుందన్న నమ్మకం లేదు.

సమాధానం 2:
బ్రాండీవైన్ విషయంలో తొందరపడవద్దని నా మనవి. నాటిన తరువాత పండు చేతికి రావడానికి మూడు నెలలు పట్టవచ్చు. పగటి వేడి 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 డిగ్రీలకు తగ్గకపోయినా పుప్పొడి పనిచేయక పూత రాలిపోతుంది. ఆలస్యంగా కాసే రకమైతే ఆ వేడిలో చిక్కుకునే ప్రమాదం ఎక్కువ. నేను పెంచిన మొక్క మొత్తం మీద ఐదే పండ్లు ఇచ్చింది. అయితే ఆ ఐదింటిలో ఒకదాన్ని అడ్డంగా కోసినప్పుడు గులాబీ రంగు కండ నుంచి రసం పలక మీదికి కారింది, ఉప్పు కూడా వేయకుండానే తినేశాం. మీకు పెద్ద పండే కావాలంటే ముందు బ్లాక్ క్రిమ్ గానీ చెరోకీ పర్పుల్ గానీ ప్రయత్నించండి. ఇవి కొంత ముందుగా కాస్తాయి, ముదురు రంగు కండలో తీపి, పులుపు రెండూ బలంగా ఉంటాయి.

సమాధానం 3:
పచ్చికాయ తొడిమ చుట్టూ ముదురు ఆకుపచ్చగా ఉండే రకాలను కూడా గమనించండి. కాయ అంతటా ఒకే లేతరంగు రావాలని దశాబ్దాల పాటు ఎంపిక చేస్తూ పోవడంతో, కాయలోని పత్రహరితాన్ని పెంచే ఒక జన్యువు పనిచేయకుండా పోయిందనీ, దానితోపాటు చక్కెర కూడా కొంత తగ్గిందనీ 2012లో శాస్త్రవేత్తలు తేల్చారు. రకం ఎంత మంచిదైనా, ఆకులు ఎక్కువగా తుంచేస్తే తీపి రాదు, ఎందుకంటే కాయకు చేరే చక్కెరలో అత్యధిక భాగం తయారయ్యేది ఆకుల్లోనే. పండిన వాటిని ఫ్రిజ్‌లో ఉంచితే వాసన చచ్చిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. రెండు కుండీల్లో సన్‌గోల్డ్, ఒక దానిలో బ్లాక్ క్రిమ్ వేస్తాను. మనసు ఒప్పుకోక నాలుగో కుండీ మాత్రం బ్రాండీవైన్‌కే ఉంచుతున్నాను.

సమాధానం 1:
మంచిది. సన్‌గోల్డ్ పసుపు రంగుకు తిరగగానే కోసేయకండి. ముదురు నారింజ రంగు వచ్చి, వేలితో తాకితే తొడిమ నుంచి ఊడివచ్చేంత వరకు ఆగండి.