కొత్త కమ్యూనిటీ హాల్లో కింది గది ఎవరికి? (కర్నూలు వన్ టౌన్)

హంద్రి ఒడ్డు:
మన పేట కొత్త హాలుకు రంగులేయడం కూడా అయిపోయింది. కింద పెద్ద గది, పైన రెండు చిన్నవి. లైబ్రరీ, పిల్లల చదువులు కిందనే పెడతారంట. నేను ఒప్పుకోను. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రి రెండూ ఊర్లోకి వచ్చినప్పుడు మా ఇంట్లో నీళ్లు ఫ్యాను రెక్కలకు తగిలినాయి. నా డిగ్రీ సర్టిఫికెట్లు, మా నాయన లెక్కల పుస్తకాలు బురద ముద్దయినాయి. పుస్తకం కింద పెట్టకూడదు, అంతే.

రిటైర్డ్ సారు:
పైన పెడితే చదివేదెవరప్పా? నాకు 71 ఏండ్లు, రెండు మోకాళ్లూ అరిగినాయి. పొద్దున్నే పేపరు కోసమే కదా మాలాంటోళ్లం వచ్చేది. 22 మెట్లు, లెక్కపెట్టి వచ్చినా. పట్టుకునేదానికి రెయిలింగు ఒకపక్కనే ఉండాది.

కేసీ కాలువ:
లిఫ్టు పెట్టిస్తే సరిపోదా?

హంద్రి ఒడ్డు:
లిఫ్టుకు కరెంటు బిల్లు ఎవరు కడతారు?

రిటైర్డ్ సారు:
లిఫ్టు దాకా ఎందుకు, ముందర ర్యాంపు చూసినారా? అరుగు మూడడుగుల ఎత్తు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుండాల, అంటే 36 అడుగులు. పోసింది పదడుగులు. చక్రాల కుర్చీ ఎక్కించబోతే వెనక్కి దొర్లుతాది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చి ఇన్నేండ్లయినా ఇట్లనే కడతారా?

హంద్రి ఒడ్డు:
సార్, నేనడిగింది నీళ్ల గురించి. ర్యాంపు మాట నేనెత్తలేదు. మీ ఇల్లు మిట్ట మీద ఉండాది, మీకెట్ల తెలుస్తాది?

రిటైర్డ్ సారు:
ఆ మిట్ట మీది ఇంట్లోనే మీ అమ్మ పది దినాలు పడుకునింది. మా ఇంటామె ఎంతమందికి వండిపెట్టిందో నువ్వు చూడలేదా? ఆ మాట నీ నోట రాకూడదు.

పేట ఆడబిడ్డ:
సార్, అన్నా, కొంచెం నా మాట వినండి. పాత హాలు తాళం చెవి ఎన్నో ఏండ్లు ఒకే మనిషి జేబులో ఉండె. సాయంత్రమైతే పేకాట, ముహూర్తాలొస్తే పెండ్లిళ్ల బాడుగ. ఇంటర్లో చదువుకుందామని పోతే "ఇంటికి పోయి చదువుకో పాపా" అని పంపించేసినారు. మళ్లీ నేను ఆ గడప తొక్కలేదు. లైబ్రరీ కిందుంటే ఏం, పైనుంటే ఏం? తాళం ఎవరి దగ్గరుంటాది, బాడుగకిస్తారా లేదా, ముందు అది చెప్పండి.

హంద్రి ఒడ్డు:
తాళం పెట్టుకున్నది మా చిన్నాయన. పేకాట నిజమే, నిన్ను పంపించింది తప్పే. కానీ కరెంటు బిల్లు కట్టింది ఆ బాడుగతోనే.

రిటైర్డ్ సారు:
అంటే కింది గది పెండ్లిళ్లకు ఖాళీగా కావాల. అందుకే పుస్తకాలు పైకి.

హంద్రి ఒడ్డు:
రెండూ నిజమే సార్. కల్యాణ మండపం బాడుగ కట్టలేక మా చెల్లెలి పెండ్లి రోడ్డు మీద షామియానాలో చేసినాం. వానొచ్చి విస్తర్లలో అన్నం తడిసిపాయె. మా అమ్మ ఆ పొద్దు ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. లేనోళ్లకు చవగ్గా ఒక హాలు వద్దా?

పేట ఆడబిడ్డ:
కావాలన్నా, ఎవరు కాదన్నారు? ఆదివారాలు పెండ్లిళ్లకు పెట్టుకోండి. మిగతా దినాలు రాత్రి తొమ్మిది దాకా చదువుకునేటోళ్లకు, పెద్దోళ్లకు.

హంద్రి ఒడ్డు:
ముహూర్తాలు ఆదివారమే రావు కదమ్మా.

పేట ఆడబిడ్డ:
మార్చి పరీక్షలు కూడా మేం చెప్పినప్పుడు రావన్నా. రెండో తాళం చెవి నాకియ్యండి. పొద్దున ఆరుకు తీసి సారుకు పేపరు కిందనే వేస్తా.