ఊళ్లో బీరు తయారీ కొట్టానికి లైసెన్సు: అడ్డం చెప్పాలా, ఊరుకోవాలా?

గోంగూర_యార్క్‌షైర్:
మేముండేది యార్క్‌షైర్‌లో ఒక చిన్న ఊరు. రెండు వందల ఇళ్లు కూడా ఉండవు, ఒక చర్చి, ఒక పబ్బు, అంతే. మా పెరటి గోడకి అవతల పాత గొడ్లకొట్టంలో రెండేళ్లుగా ఒక జంట బీరు తయారుచేసి బయట పబ్బులకి వేస్తున్నారు. మాల్ట్ ఉడికే రోజు హార్లిక్స్ సీసా మూత తీసినట్టు వీధంతా వాసన తప్ప ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు అక్కడే జనాన్ని కూర్చోబెట్టి అమ్ముతారట. గేటుకి లైసెన్సు దరఖాస్తు గురించి లేత నీలం కాగితం అంటించారు: వారంలో ఏడు రోజులు, రాత్రి పదకొండున్నర దాకా, లోపలా ఆరుబయటా. మా పాపకి నాలుగేళ్లు, తన గది కిటికీ అటువైపే. పక్కింటి పెద్దాయన "ఊరికి ఒక పబ్బు చాలు, తాగుడు పెరుగుతుంది" అని రాసిన కాగితం పట్టుకుని సంతకాలకి తిరుగుతున్నాడు. పెట్టాలా? ఊళ్లో మనవాళ్లం మేమొక్కళ్లమే, వచ్చి మూడేళ్లే అయింది, గొడవల్లో మా పేరు కనబడటం మా ఆవిడకి ఇష్టం లేదు.

రాత్రి_డ్యూటీ:
పెట్టండి, ఇందులో ఆలోచించడానికేముంది. నేను ఇక్కడ ఆసుపత్రిలో నర్సుని, శనివారం రాత్రి ఎమర్జెన్సీకి వచ్చే వాళ్లలో ఎంతమంది తాగి పడ్డవాళ్లో నాకు తెలుసు. చిన్న బ్రూవరీ, చేత్తో చేసిన బీరు అని ఎంత ముద్దుగా పిలిచినా మందు మందే.

కొట్టు_బాబాయ్:
అమ్మా, నీ బాధ నిజమే గానీ ఆ కాగితం మీద సంతకం దండగ. నాది కార్నర్ షాపు, మందు లైసెన్సు కోసం కౌన్సిల్ మెట్లు ఎక్కి దిగినవాణ్ణి. ఇక్కడ 2003 లైసెన్సింగ్ చట్టం ప్రకారం కౌన్సిల్ చూడాల్సినవి నాలుగే: నేరాలూ అల్లర్లూ, జనం భద్రత, చుట్టుపక్కల వాళ్లకి కలిగే ఇబ్బంది, పిల్లలకి హాని. "ఇంకో పబ్బు అవసరమా" అన్నది లెక్కలోకే రాదు, తాగుడు తప్పా ఒప్పా అన్నదీ రాదు. 28 రోజుల్లో ఈ నాలుగింటికి సంబంధించిన అభ్యంతరం ఒక్కటీ రాకపోతే కౌన్సిల్ లైసెన్సు ఇచ్చి తీరాలి, ఇవ్వకుండా ఉండే అధికారం దానికి లేదు. వస్తే మాత్రం ముగ్గురు కౌన్సిలర్లు కూర్చుని వింటారు. మీ ఊరి పారిష్ కౌన్సిల్ (మన పంచాయతీ లాంటిది) కూడా మనలాగే ఒక ఉత్తరం రాయగలదంతే, నిర్ణయం పైనున్న కౌన్సిల్‌దే.

కాబట్టి గోంగూర తమ్ముడూ, వద్దు అని రాయకు, ఎలా ఉండాలో రాయి. ఆరుబయట తొమ్మిదికి ఆపాలి, ఖాళీ సీసాలు రాత్రిపూట డబ్బాలో గుమ్మరించకూడదు (ఆ చప్పుడు పాటకన్నా ఘోరం, అనుభవం మీద చెప్తున్నా), కార్లు మీ సందులో ఆపకూడదు. పాట ఆపించడం గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకు. 2012 లైవ్ మ్యూజిక్ చట్టం, తర్వాత దానికి సవరణలు వచ్చాక, లైసెన్సున్న చోట పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పదకొండు దాకా, 500 మంది లోపు జనం ఉంటే దానికి వేరే అనుమతి అక్కర్లేదు.

నెల్లూరు_నిప్పు:
అంటే ఊరంతా ఒక్కటై వద్దన్నా ఆగదన్నమాట! బాబాయ్, దీన్ని ప్రజాస్వామ్యం అంటారా? మా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు ఏ నాలుగు కారణాలు చూశారు? అక్కడ మొదలై జిల్లాలు దాటి, సారా దుకాణాల వేలంపాటలు జరగనివ్వకుండా చేసి, 1993లో సారా నిషేధం తెచ్చారు, 1995లో మొత్తం మద్యనిషేధమే వచ్చింది. మన దగ్గర 1996 పీసా చట్టంలో షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభకి మత్తుపదార్థాల మీద నిషేధం పెట్టే, అమ్మకాన్ని కట్టడి చేసే అధికారం రాసిపెట్టి ఉంది. గిరిజన గూడేనికి ఉన్న హక్కు ఇంగ్లండు పల్లెకి లేకపోవడమేంటి?

పాత_ఎక్సైజు:
నేను ఆ రోజుల్లో ఎక్సైజు శాఖలోనే గుమాస్తాని. రెంటినీ ఒక్క గాట కట్టకండి. అక్కడ కూలి డబ్బులు ఇంటికి చేరకముందే సారా ప్యాకెట్‌కి పోయేవి, వేలంపాట డబ్బు సర్కారు ఖజానాకి చేరేది. అందుకే ఆడవాళ్లు తిరగబడ్డారు. ఇక్కడ ఒక మొగుడూ పెళ్లాం ఒక కొట్టం. పైగా మీరు చెప్పిన నిషేధం 1997లో ఎత్తేశారు, ఆ ముక్క ఎందుకు దాచారో! కాగితం మీద హక్కు ఉన్నంత మాత్రాన ఎన్ని గూడేల్లో దుకాణం ఆగిందో కూడా ఒకసారి అడిగి చూడండి.

నెల్లూరు_నిప్పు:
దాచలేదు సార్, ఎత్తేసింది ప్రభుత్వం, ఊరు కాదు. నేను అడిగేది ఊరి హక్కు గురించి.

కొట్టు_బాబాయ్:
ఊరి హక్కు అంటున్నావు కాబట్టి నా సంగతి చెప్తా. నా కొట్టుకి మందు లైసెన్సు అడిగినప్పుడు వ్యతిరేకంగా పద్నాలుగు ఉత్తరాలు వచ్చాయి. చప్పుడు గురించి ఒక్కదాంట్లోనూ లేదు. "ఈ వీధి స్వభావం మారిపోతుంది", "ఇలాంటి కొట్లు ఇప్పటికే ఎక్కువయ్యాయి" ఇవీ రాతలు. ఇలాంటి కొట్లు అంటే ఎలాంటివో నీకూ తెలుసు, నాకూ తెలుసు. విచారణలో ఆ ముగ్గురూ అవన్నీ పక్కన పెట్టి, కెమెరాలు పెట్టావా, పిల్లల వయసు చూసి అమ్ముతావా అని అడిగి లైసెన్సు ఇచ్చారు. ఓటుకే వదిలేసి ఉంటే నేను ఇవాళ ఏ గోడౌన్లోనో పెట్టెలు మోస్తుండేవాణ్ణి. ఊరికి ఇష్టం లేదు అన్న మాట ఎవరి మీద పడుతుందో చూసుకుని అడుగు.

రాత్రి_డ్యూటీ:
ఇది నేను ఆలోచించలేదు బాబాయ్. అయినా ఇచ్చేశాక వాళ్లు మాట తప్పితే? అప్పుడు పాపకి నిద్ర ఎవరిస్తారు?

కొట్టు_బాబాయ్:
లైసెన్సు మీద రివ్యూ, అంటే మళ్లీ విచారించమని, అడగొచ్చు తల్లీ, పక్కింటివాళ్లు కూడా అడగొచ్చు. అప్పుడు పాట మీద కూడా షరతు పెట్టగలరు. ఏ రోజు ఎన్ని గంటలకి ఏం చప్పుడో పుస్తకంలో రాసిపెట్టుకోవాలి, ఉత్త నోటిమాట నిలబడదు. లైసెన్సే రాకపోయినా వాళ్లు 21 పౌండ్లు కట్టి తాత్కాలిక నోటీసు ఇచ్చి, 499 మంది దాకా పిలిచి పండగ చేసుకోవచ్చు. దానికి అడ్డం చెప్పగలిగేది పోలీసులూ, కౌన్సిల్ పర్యావరణ ఆరోగ్య విభాగమూ మాత్రమే, మనం కాదు. షరతులున్న లైసెన్సే నయం అని నేననేది అందుకే.

గోంగూర_యార్క్‌షైర్:
అందరికీ థాంక్స్. పెద్దాయన కాగితం మీద సంతకం పెట్టలేదు, ఆయన రెండు రోజులుగా పలకరించడం లేదు. నేనే సొంతంగా ఉత్తరం రాశాను. నా పేరూ చిరునామా దరఖాస్తుదారులకి కూడా వెళ్తాయని తెలిసి, పంపేముందు గేటు దగ్గరికి వెళ్లి ఆ బీరు కొట్టం ఆవిడకి చూపించాను. చదివి, పాప పడుకునేది ఎన్నింటికి అని అడిగింది. ఆరుబయట తొమ్మిదికి ఆపుతామంది, సీసాలు పొద్దున తొమ్మిది తర్వాతే అంది. శుక్ర, శని మాత్రం పది దాకా కావాలట, లేకపోతే గిట్టుబాటు కాదట. దానికి నేను ఒప్పుకోలేదు, అందుకే విచారణ తప్పేలా లేదు. ఉత్తరం నిన్న పంపేశాను.

నెల్లూరు_నిప్పు:
వచ్చేటప్పుడు నీకొక సీసా ఇచ్చిందా లేదా, అది చెప్పు ముందు.

గోంగూర_యార్క్‌షైర్:
రెండిచ్చింది. విచారణ అయ్యేదాకా తెరవకూడదని మా ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేసింది.